నోరు తెరిచి ఉన్నంతసేపూ

పంది అనే మాట దగ్గర ఆ డాక్టరు పిల్ల గొంతు ఎందుకు తగ్గించింది, అంతవరకు గలగలా చెప్పుకొస్తున్నదే, అంగిలి అని గట్టిగానే అంది, రక్తం అని గట్టిగానే అంది, దానం చేసిన మనిషి చర్మం అన్నప్పుడు కూడా తడబడలేదు, పంది దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా వెనకాల స్టూలు మీద కూర్చున్న మా అక్క వైపు ఒకసారి చూసి, నుదుటి మీద విభూతి రేకలు చూసి కాబోలు, అది పంది నుంచి తీసిన పొర అంకుల్ అని గొణిగేసింది, నాకు నవ్వొచ్చింది, నవ్వడానికి నోరేదీ, అది తెరిచి ఉంది, దవడ పక్కన దూది చుట్టలు, పెదవి మూల ఉమ్మి లాగే గొట్టం గురగురమంటూ, బుగ్గని పక్కకి లాగి పట్టుకున్న చిన్న అద్దం, కాబట్టి ఈ గదిలో మాట్లాడే వీలు ఇద్దరికే ఉంది, డాక్టరు లక్ష్మీప్రియకీ మా అక్క రత్నాలమ్మకీ, చర్చ నా నోటి గురించే, చిగురుకి ఏది తెచ్చి అతకాలని, ఆ నోరున్నవాడు మాత్రం కుర్చీలో వెల్లకిలా పడుకుని ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూస్తున్నాడు, కిటికీలోంచి కాశీబుగ్గ అంతా ఉండే వాసనే వస్తోంది, ఏ కార్ఖానాలోనో జీడిపిక్కలు ఉడుకుతున్న ఘాటు, ఒకటి మాత్రం చెప్పాలి, ఈ పిల్ల అద్దం నోట్లో పెట్టేముందు గోరువెచ్చటి నీళ్ళలో ముంచింది, ఆవిరి పట్టకుండా అని చెప్పింది గానీ చల్లటి ఇనుము పంటికి తగిలి జివ్వుమనకుండా కూడా అని నేను అనుకున్నాను, లైటు కళ్ళల్లో పడుతోందని అడగకుండానే కిందికి వంచింది, అలాంటివి నేను మర్చిపోను.

కింద ఎడమవైపు రెండు స్క్రూలు దింపి వాటి మీద రెండు పళ్ళు కూర్చోబెట్టారు, పోయిన వేసవిలో, అప్పుడు నొప్పేమీ తెలియలేదు, ఎముకలో బాగానే పట్టుకున్నాయి, కదలవు, కానీ వాటి చుట్టూ ఉండాల్సిన గట్టి చిగురు లేదు, ఉన్నదల్లా బుగ్గ లోపలి తోలు లాంటి వదులు తోలు, మాట్లాడితే కదులుతుంది, బ్రష్షు తగిలితే మండుతుంది, మండుతుందని నేను అక్కడ బ్రష్షు ఆనించను, ఆనించకపోతే పాచి చేరుతుంది, పాచి చేరితే చుట్టూ ఎముక కరుగుతుంది, ఎముక కరిగితే స్క్రూలు ఊడి చేతిలోకి వస్తాయి, ఇప్పుడు చిగురు కట్టకపోతే ఎక్కువ కాలం నిలవవు అంకుల్ అని ఆ పిల్ల మొహం మీదే చెప్పింది, అలా చెప్పడం నాకు నచ్చింది, పోతే పోనీ అనలేదు, పోతే పోనీ అన్నవాళ్ళే ఎక్కువ కదా, మొన్న బస్టాండు దగ్గర టీ కొట్లో అప్పలసూరి నలుగురిలో, ఏటి బావా, సచ్చిపోయే వొయిసులో ఇనప పళ్ళేటి, పెళ్ళికూతుర్నేటైనా సూసీసినావేటి, మాకు సెప్పకుండా అన్నాడు, టీ పోసేవాడితో సహా అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఎదుటివాడి హాస్యం నేల మీద పడిపోకూడదని నవ్వేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, కాంతమ్మ ఉండగా దానికే విసుక్కునేది, మీకు కోపం రాదేటండీ, ఉప్పూకారం తినరేటి అనేది, ఆవిడ పోయాక మూడేళ్ళుగా నిజంగానే తినడం లేదు, ఎవరింటికి వెళ్ళినా నా విస్తట్లో మెత్తటి అన్నం, చారు, చివర ఒక అరటిపండు, పాపం అనే మాటని తొక్కలా చుట్టుకున్న అరటిపండు, భార్య పోయినవాడికి పళ్ళు కూడా పోతే లోకానికి ఎంత సుఖమో, ఇక వాడికేం కావాలో ఆలోచించనక్కర్లేదు, గంజి చాలు, నాకు గంజి వద్దు, నాకు ఎండు నెత్తళ్ళ వేపుడు కావాలి, ముదురు కొబ్బరి ముక్క కావాలి, వేయించిన జీడిపప్పు రెండు దవడల మధ్యా పెట్టి పటుక్కుమనిపించాలి, అప్పలసూరి ఎదురుగానే నమలాలి, టీ కొట్లోనే, వాడి మొహం చూస్తూ.

ఏదీ తేల్చుకోరేంటి అంకుల్, తొందరేం లేదు గానీ మళ్ళీ ఒకసారి చెప్తాను, వినండి అంటోంది, వింటాను తల్లీ, వినడం తప్ప చేసేదేముంది, మొదటిది మీ అంగిలి, పైన పళ్ళ పక్కనుంచి సన్నటి ముక్క కోసి ఇక్కడ పెట్టి కుడతాను, అన్నిటికంటే గట్టిగా నిలిచేది అదే, మీ ఒంట్లోదే కాబట్టి తిరుగుండదు, కాకపోతే రంగు కలవదు, పాత చొక్కాకి కొత్త గుడ్డ వేసినట్టు పాలిపోయి కనబడుతుంది, వెనక పళ్ళు కాబట్టి ఎవరికీ కనబడదనుకోండి, అసలు కష్టం ఏంటంటే రెండు పుళ్ళు, కింద ఒకటి పైన ఒకటి, పైది కొన్నాళ్ళు బాగా మండుతుంది, పై పొర ఉంచేసి లోపలి పొర మాత్రం తీసే పద్ధతి ఉంది, మంట తక్కువ, కానీ మీకు కావాల్సింది బ్రష్షుకి తట్టుకునే గట్టిదనం, అది పై పొరతో వచ్చినంత బాగా రాదు, రెండోది ఆ పొర, ఆ, అదే, పెద్దమ్మా మీరు వినకండి, డబ్బాలో వస్తుంది, పైన కొయ్యక్కర్లేదు, రంగు బాగా కలిసిపోతుంది, కాకపోతే కుంచించుకుపోతుంది, వచ్చే చిగురు తక్కువ, మూడోది మనుషులు దానం చేసిన చర్మం, కణాలన్నీ కడిగేసి ఒట్టి అల్లిక మిగులుస్తారు, దూరం నుంచి తెప్పించాలి, అదీ అంతే, కాస్త ముడుచుకుంటుంది, ఇక మీ రక్తం తీసి గిర్రున తిప్పితే పసుపురంగు జున్నులాంటిది తేలుతుంది, అది ఒక్కటీ చాలదు, పుండు మీద కప్పడానికి పనికొస్తుంది, మీకు తోటలున్నాయి కదా, జీడి మొక్కకి అంటు కట్టడం లాంటిదే అనుకోండి అంది, అక్కడ మాత్రం ఒప్పుకోను, టెక్కలి కాలేజీలో వృక్షశాస్త్రం చదివినవాణ్ణి, తిత్లీ తుఫాను మా తోట మొత్తం పడగొట్టేశాక ఒక్కో మొక్కకీ ప్లాస్టిక్ రిబ్బను చుట్టి అంటు కట్టినవాణ్ణి, కొమ్మని కోస్తే కొమ్మ ఏమీ అనదు, పక్క చెట్టు వచ్చి, నీకెందుకు ఈ వయసులో చిగుళ్ళు అని అడగదు, చెట్టుకి ఎంత హాయి.

ఇక్కడ చూడండి అని అద్దాన్ని ఇంకొంచెం వంచింది, ఎవరికి చెబుతోంది, నాకు కనబడదు, అక్కకి చూపిస్తోంది, ఇదంతా మచ్చ పెద్దమ్మా, వయసుకి అరిగింది కాదు, కాలింది, నోట్లో ఏదైనా యాసిడ్ లాంటిది పెట్టారా ఎప్పుడైనా, ఈ ప్రశ్నకి జవాబు నేను ఎప్పుడో సిద్ధం చేసుకున్నాను, ఎవరో లవంగనూనె అని ఇచ్చారు, చూసుకోకుండా నేనే రాసుకున్నాను అని చెబుదామని, అద్దం ముందు నిలబడి ఒకసారి అనుకుని కూడా చూసుకున్నాను, కానీ నోరు నిండా ఇనుమూ దూదీ, ఆ ఆ అన్నాను, గొట్టం గురగురమంది, వెనక స్టూలు కిర్రుమంది, అక్క లేచింది, అక్కా వద్దు, కూర్చో, నేను చెప్తాను కదా, ఆ ఆ, అక్క అప్పటికే చెప్పేస్తోంది, నానేనమ్మా, నానే రాసినాను, జీడిపిక్క నూనె, మరదలు పోయిన రోజులవి, ఇంట్లో మైల, ఈడికి పన్ను పోటు, మొగం ఇంత లావున ఉబ్బిపోనాది, పెద్దకర్మ అవ్వకుండా గడప దాటకూడదన్నారు పెద్దోళ్ళు, గోడకి తలెట్టి కొట్టుకుంతన్నాడు, సూడలేక కొబ్బరి ఈనెకి దూది సుట్టి ముంచి రాసినాను, మా అత్త కూడా అలగే రాసీది.

జీడి నూనా, నోట్లోనా, లక్ష్మీప్రియ గొంతు పైకి లేచింది, పడవల అడుక్కి పూస్తారు, చెదలకి కొడతారు, కాళ్ళ పగుళ్ళకి రాసుకుంటేనే బొబ్బలెక్కుతాయి, ఎంత తెలివితక్కువ పని చేశారు పెద్దమ్మా, ఆ మాటకి నా దవడలు నాకు తెలియకుండానే మూసుకున్నాయి, టక్కుమంది, అద్దం కొరికేశాను, అయ్యో అంకుల్, కొరక్కండి, కొరక్కండి, తెరవండి, తెరవను, తెరవనమ్మా, తెలివితక్కువ అన్న మాట వెనక్కి తీసుకుంటే తెరుస్తాను, ఇదంతా కళ్ళతోనే చెప్పాను, కళ్ళు అంత మాట్లాడతాయా, ఏమో, ఆ పిల్ల నా కళ్ళల్లోకి చూసింది, పట్టు వదిలింది, చెయ్యి నా భుజం మీద వేసింది, నేను దవడలు వదులు చేశాను, వెనకనుంచి అక్క మెల్లగా, నా ఏలుకి రాసుకుని సూసినానమ్మా ముందు, ఏటీ అవ్వలేదు, సల్లగానే ఉన్నాది, అందికే రాసినాను అంది, వేలు చాపి చూపించింది కాబోలు, ఆ వేళ్ళు నాకు తెలుసు, నేను టెక్కలిలో చదువుకుంటున్నప్పుడు ఫీజు ఆ వేళ్ళలోంచే వచ్చింది, పెళ్ళీడుకి ముందే జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టడానికి కూర్చుంది, నడుం వంగేదాకా లేవలేదు, బూడిద రాసుకున్నా ఆముదం రాసుకున్నా పిక్క తొక్కలోని ఆ నూనె వేళ్ళని తిననే తింది, వేలిముద్రలు పడవు, రేషను మిషను మీద ఎంత నొక్కినా మిషను ఈమెని మనిషిగా ఒప్పుకోదు, కళ్ళు చూపిస్తే గానీ బియ్యం ఇవ్వరు, నిప్పు ముట్టుకున్నా తెలియని వేలితో పరీక్ష చేసి, చల్లగా ఉంది తమ్ముడా అని నా చిగురుకి రాసింది, ఆవిడ లెక్కలో ఆవిడ జాగ్రత్తగానే చేసింది, ఇంకే ఊరి అక్క అయినా వేలు పెట్టగానే వెనక్కి తీసుకునేది.

మండలేదా అంటే మండింది, కళ్ళల్లో నీళ్ళు కారాయి, కాంతమ్మ పోయాక అప్పటిదాకా రాని నీళ్ళు, అందరూ చూస్తున్నప్పుడు రాని నీళ్ళు, ఆ తర్వాత ఆ పక్కంతా మొద్దుబారింది, పోటు ఆగింది, వసారాలో చాప మీద, మధ్యాహ్నం ఎండ కాళ్ళ మీద పడుతుంటే, నేను నిద్రపోయాను, కిడ్నీలు పాడైన కాంతమ్మకి పలాసలో రక్తం కడిగించడానికి తిరిగిన ఏడాదిన్నరలో నేను అలా నిద్రపోలేదు, మా ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన తిరుగుడే అది, తెల్లవారకుండానే ఆటో, మిషను పక్కన కుర్చీ, ఆవిడకి కొబ్బరినీళ్ళు పడవని తోటలో ఉండి నేనూ మానేసిన కొబ్బరినీళ్ళు, ఆవిడ ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్న రాత్రులు, వాటన్నిటి మీదా పడి నిద్రపోయాను, లేచేసరికి సాయంత్రం, పొయ్యి పొగ, అక్క తలుపు దగ్గర కూర్చుని ఎవర్నీ లోపలికి రానివ్వకుండా, ఈడు పడుకున్నాడు, రేపు రండి అని పరామర్శకి వచ్చినవాళ్ళని వెనక్కి పంపేస్తోంది, తర్వాత చిగురు తెల్లగా పొరలూడింది, పన్నూ దాని పక్కదీ పీకించాల్సి వచ్చింది, అది నిజమే, డాక్టరమ్మ చెప్పింది ప్రతి మాటా నిజమే, జీడిపిక్క నూనె నోట్లో పెట్టకూడదు, ఎవరూ పెట్టకూడదు, కానీ తెలివితక్కువ అనడానికి ఆ మధ్యాహ్నం నా పక్కన ఎవరున్నారు, మందుల షాపులో నిద్రమాత్ర కొనుక్కోవచ్చు, తలుపు దగ్గర కాపలా దొరుకుతుందా, ఆ నిద్రకి నేను రెండు పళ్ళు ఇచ్చాను, మళ్ళీ ఇమ్మంటే మళ్ళీ ఇస్తాను, ఇంకోటి కలిపి ఇస్తాను, రాసుకోండి.

అమ్మా డాక్టరమ్మా అంటోంది అక్క, గొంతు మారింది, మనిషి కుర్చీకి ఇటువైపు వచ్చింది, నాకు ఇప్పుడు మొహం కనబడుతోంది, తలకిందులుగా, విభూతి రేకలు గడ్డం దగ్గర ఉన్నట్టు, అంగిట్లో ముక్కే గట్టిదన్నావు గదా, మరైతే నా అంగిట్లోంచి కొయ్యి, నాకు పళ్ళు లేవు గదా, ఆ సోటు నాకేటి పనికొత్తాది, ఎంత కావాలో అంత తీసుకో, నానే కాల్సినాను, నానే ఇత్తాను అని నోరు తెరిచేసింది, బోసి నోరు, మంగళగిరిలో పానకం పోయించుకునే దేవుడిలా తెరిచింది అని నవ్వబోయి నవ్వలేకపోయాను, ఈమె పళ్ళు ఎప్పుడు పోయాయో నేను చూశానా, ఒక్కటి పోయినప్పుడైనా నాకు చెప్పిందా, లక్ష్మీప్రియ చేతి తొడుగు విప్పింది, అక్క చెయ్యి పట్టుకుంది, ఒకరిది ఒకరికి పట్టదు పెద్దమ్మా, ఒళ్ళు ఒప్పుకోదు అంది, ఒకే తల్లి కడుపున పుట్టినోళ్ళం, ఎందుకొప్పుకోదు అని అక్క దెబ్బలాడింది, అయినా ఒప్పుకోదు పెద్దమ్మా, ఇందాక నేను అలా అనకుండా ఉండాల్సింది అని ఆ పిల్ల మెల్లగా అంది, అక్క ఆ మాట విన్నట్టే లేదు, ఆలోచనలో పడింది, తర్వాత నా చెవి దగ్గరికి వంగి, ఒరే తారకేసూ, పందిదే ఎట్టించీసుకో, నానెవులికీ సెప్పను, రావివలస మల్లన్న గుళ్ళోకి ఆ పై సోమవారం నానొక్కదాన్నే ఎలతాను, నువ్వు లోపలికి రావద్దులే, బయటే ఉండు, అయినా ఆయనెండలో కూకున్న దేవుడు, ఏ జీవి బాదైనా ఆయనకి తెలుస్తాది, పంది మాత్రం ఆయన సెయ్యలేదేటి అంది, ఉల్లిపాయ కూడా మానేసి కార్తీకం చేసే మనిషి, కోడిగుడ్డు వండిన గిన్నె వేరే పెట్టే మనిషి, నాకు రెండో పుండు లేకుండా ఉంటే చాలని తన దేవుడితో బేరం కుదిర్చేసుకుంది, ఇప్పుడు లక్ష్మీప్రియ గొంతు తగ్గించి లాభం లేదు, పంది అందరికంటే గట్టిగా అక్కే అంటోంది, బయట బెంచీ మీదవాళ్ళకి కూడా వినబడే ఉంటుంది, సచ్చినోడి తోలు మాత్రం వొద్దురా, ఆడెవుడో, ఏ బాదతో పోనాడో, అని మాత్రం గొణిగింది, నాకు అలా అనిపించలేదు, పోతూ పోతూ ఎవరో ముక్కూ మొహం తెలియనివాడికి చర్మం వదిలి వెళ్ళిన మనిషి, వాళ్ళింట్లోవాళ్ళు ఏడుస్తూనే సంతకం పెట్టి ఉంటారు, ఆ మనిషికి ఇక్కణ్ణుంచే దండం, ఏ కాలిన ఒంటికో అది చేరాలి, నాకంటే దాని అవసరం ఉన్నవాళ్ళకి.

దూది తీసేసింది, గొట్టం ఆగింది, ఉమ్మేసి నీళ్ళు పుక్కిలించండి అంకుల్ అని గ్లాసు అందించింది, కుర్చీ మెల్లగా లేచి కూర్చుంది, నా నోరు నాకు వచ్చింది, ఇద్దరూ నా వైపు చూస్తున్నారు, డాక్టరు చేతిలో ఆ డబ్బా బొమ్మ ఉన్న కాగితం, అక్క కొంగుతో నా గడ్డం మీద తడి తుడుస్తోంది, అరవయ్యేళ్ళు దాటినవాడి గడ్డం, మామూలుగా అయితే ఇక్కడే నేను నవ్వేసి, మీ ఇష్టం అనేస్తాను, అందరికీ సులువైంది ఏదో అదే నాకూ సులువు అనేస్తాను, నా బతుకంతా ఆ మాటతోనే గడిచింది, దాంట్లో నాకు బాధేమీ లేదు, కానీ ఇవాళ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి దిగడం లేదు, నా అంగిట్లోంచే తియ్యమ్మా అన్నాను, ఏటీ అంది అక్క, నా అంగిట్లోంచే, పై పొరతో సహా, నీకు మతి పోనాదేటిరా, ఒక పుండు సాలదని రెండో పుండేటి, అన్నం ఎలగ తింతావు, చల్లటి గంజి తాగుతానక్కా, కొన్నాళ్ళు, నీ చేత్తో కాచిపెట్టు, గంజి వొద్దనీవోడివి గదా, తర్వాత నెత్తళ్ళు తింటాను కాబట్టి ఇప్పుడు గంజి తాగుతాను, బాగా మండుతుంది అంకుల్, ముందే చెప్తున్నాను, మండనీ అమ్మా.

మండనీ, నేను మంటకి కొత్తవాణ్ణి కాను, అయితే ఇన్నేళ్ళూ పడ్డదంతా అయిపోయినవాటి మంట, ఆవిడ పోతోందని, పోయిందని, ఆవిడ చీర ఆరేసే తీగ ఖాళీగా ఉందని, ఎడమవైపు నమిలే చోటు లేదని, ప్రతి నొప్పీ వెనక్కే చూసేది, ఏ నొప్పి చివరా ఏమీ మిగిలేది కాదు, అందుకే అందరూ నాకు నొప్పి లేకుండా చెయ్యాలని చూశారు, మెత్తగా వండారు, మెల్లగా మాట్లాడారు, పందిని కూడా ఒప్పుకున్నారు, వాళ్ళ తప్పు కాదు, నేనూ నొప్పి అంటే అదొక్కటే అనుకున్నాను, ఇది అది కాదు, ఈ పుండు మండిన ప్రతి పూటా కింద ఏదో పట్టుకుంటూ ఉంటుంది, కాంతమ్మ పోయాక ఒకటి పోవడం వల్ల కాకుండా ఒకటి రావడం వల్ల నాకు నొప్పి పుట్టబోవడం ఇదే మొదటిసారి, దీన్ని నేను ఎవరికీ ఇవ్వను, డబ్బాలో ఉన్న పందికీ ఇవ్వను, చర్మం వదిలి వెళ్ళిన ఆ దయగల మనిషికీ ఇవ్వను, నోరు తెరుచుకుని నిలబడ్డ మా అక్కకి అసలే ఇవ్వను, ఇది నాది.